నిట్జ్‌షియా పాలియా జాతి గుర్తింపు: ఆకృతి సాక్ష్యం, ఆవాస సాక్ష్యం
పద్మారావు నగర్ పరిసర జలాల ఆధారంగా ఒక అధ్యయన పాఠం

సారాంశం

మంచినీటి డయాటమ్‌లలో నిట్జ్‌షియా పాలియా సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే జాతిగా ప్రసిద్ధి పొందింది. ఆ ప్రసిద్ధే దాని గుర్తింపులో పొరపాట్లకు కారణమవుతున్నది. మురుగు కలిసిన నీటిలో కనిపించిన ప్రతి సన్నని నిట్జ్‌షియాకు ఆ పేరు పెట్టడం, తిరిగి ఆ పేరునే చూపి నీరు కలుషితమైనదని నిర్ధారించడం విద్యార్థుల నివేదికల్లో సులభంగా చోటుచేసుకునే దోషం. ఈ వ్యాసం సికింద్రాబాద్‌లోని పద్మారావు నగర్ పరిసరాల్లో లభించే నీటి ఆవాసాలను ఉదాహరణగా తీసుకొని, ఈ జాతిని ఆకృతి ద్వారా ఎలా నిర్ధారించాలో, ఆవాస సమాచారాన్ని ఏ దశలో, ఎంతవరకు వినియోగించాలో వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

నీటితొట్టె గోడను వేలితో తాకితే జారుడుగా తగిలే గోధుమరంగు పొర సాధారణంగా డయాటమ్‌ల సమూహం. ఇవి ఏకకణ శైవలాలు. పత్రహరితంతోపాటు ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం అధికంగా ఉండటం వల్ల ఆకుపచ్చగా కాక బంగారు గోధుమ వర్ణంలో కనిపిస్తాయి. ప్రతి కణం చుట్టూ సిలికాతో నిర్మితమైన పెంకు ఉంటుంది. ఆ పెంకు పెట్టె, మూత వలె ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు కవాటాలతో ఏర్పడుతుంది. కవాటంపై ఉండే చారలు, రంధ్రాలు, చీలికల అమరిక జాతిని బట్టి మారుతుంది. కణం మరణించి, లోపలి పదార్థం కుళ్లిపోయిన తరువాత కూడా ఆ పెంకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

వ్యవసాయ శాస్త్రజ్ఞులకు డయాటమ్‌లతో పని ఏమిటన్న ప్రశ్న సహజం. సాగునీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపితే లభించే ఫలితం ఆ నీటిని పట్టిన క్షణానికి సంబంధించినది. రాయిపై స్థిరపడిన డయాటమ్ సమూహం మాత్రం గడచిన కొన్ని వారాల పరిస్థితులకు లోబడి రూపొందినది. రాత్రివేళ వదలిన మురుగు పగటి నమూనాలో కనిపించకపోవచ్చు. రాతిపై పెరిగిన సమూహంలో మాత్రం దాని ప్రభావం మిగిలే అవకాశం ఉంది. అందువల్ల రసాయన విశ్లేషణకు తోడుగా డయాటమ్‌ల పరిశీలన అనేక దేశాల్లో నీటి నాణ్యత అంచనాలో భాగమైంది.

హైదరాబాదు నగరానికి ఈ అధ్యయనం కొత్త కాదు. 1960ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ. ఆర్. జాఫర్ హైదరాబాదు చేపల చెరువుల శైవలాలపై పరిశోధన చేశారు. నీటి కాలుష్యాన్ని ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొని వి. వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాలపై చేసిన అధ్యయనం 1969, 1970 సంవత్సరాల్లో హైడ్రోబయాలజియా పత్రికలో వరుస వ్యాసాలుగా వెలువడింది. నగరపు మురుగు కలిసిన మూసీ నీటితో దిగువ గ్రామాల్లో పారా గడ్డి, వరి, ఆకుకూరలు పండిస్తున్నారు. ఆ నీటిని గురించి రైతుకు సలహా ఇవ్వవలసిన విస్తరణ శాస్త్రజ్ఞునికి ఒక సూచిక జాతి పేరు సరిగా నిర్ధారణ కావడం ఆచరణకు సంబంధించిన అవసరం.

జాతి పరిచయం

ఈ జాతిని జర్మనీకి చెందిన శైవల శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ ట్రౌగాట్ క్యూట్జింగ్ 1844లో సినెడ్రా పాలియా అనే పేరుతో వర్ణించాడు. బ్రిటన్‌కు చెందిన విలియం స్మిత్ 1856లో దీనిని నిట్జ్‌షియా ప్రజాతిలోకి మార్చాడు. నేటికీ ఆ నామమే వాడుకలో ఉంది.

1969లో సి. మెర్విన్ పామర్ సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే శైవలాలకు అంకెలు కేటాయిస్తూ ఒక సూచీని రూపొందించాడు. జాతుల స్థాయి సూచీలో నిట్జ్‌షియా పాలియాకు 5 అంకెలు లభించాయి. అంతకంటే ఎక్కువగా 6 అంకెలు పొందినది యూగ్లీనా విరిడిస్. నెదర్లాండ్స్ డయాటమ్‌ల ఆవరణ లక్షణాలను వాన్ డామ్, ఆయన సహచరులు 1994లో క్రోడీకరించినప్పుడు కూడా ఈ జాతిని సేంద్రియ నత్రజనిని వినియోగించుకునే, తక్కువ ఆక్సిజన్‌ను సహించే వర్గంలో చేర్చారు. ఒక్క పేరు ఇంత అర్థాన్ని మోస్తున్నందువల్లనే ఆ పేరు పెట్టడంలో అధిక జాగ్రత్త అవసరం.

పద్మారావు నగర్ పరిసరాల్లోని ఆవాసాలు

పద్మారావు నగర్ సికింద్రాబాద్‌లో దట్టంగా ఇళ్లున్న ప్రాంతం. అయినప్పటికీ, ఇక్కడి నుంచి బయలుదేరిన విద్యార్థి ఒక్కరోజులోనే పరస్పరం భిన్నమైన నాలుగు రకాల నీటి ఆవాసాలను చూడగలడు.

మొదటిది ఇళ్ల పరిసరాల్లోని తడి ఉపరితలాలు. కుళాయి కింద నిత్యం తడిసే గచ్చు, నీరు కారే ట్యాంకు గోడ, పూలకుండీ కింది పళ్లెం ఈ కోవకు చెందుతాయి. ఇవి తడుస్తూ, ఎండుతూ ఉంటాయి. అటువంటి చోట్ల ఎండుదలను తట్టుకునే హాంట్‌షియా ఆంఫియాక్సిస్, లుటికోలా మ్యూటికా వంటి జాతులను ఆశించవచ్చు.

రెండవది సమీపంలోని బన్సీలాల్‌పేట మెట్లబావి. దశాబ్దాలపాటు చెత్తతో పూడిపోయిన ఈ ప్రాచీన కట్టడాన్ని శుభ్రపరచి, పునరుద్ధరించి 2022 డిసెంబర్ 5న ప్రారంభించారు. నిలకడగా ఉండే నీరు, నీటిమట్టంతోపాటు మునిగి తేలే రాతి మెట్లు ఇక్కడి ప్రత్యేకత. నమూనా కోసం సంబంధిత అధికారుల అనుమతి తీసుకోవాలి. రాతిని లోహపు పనిముట్లతో గీకరాదు.

మూడవది పడమర దిశలో కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న హుస్సేన్‌సాగర్. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో 16వ శతాబ్దంలో నిర్మితమైన ఈ చెరువులోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల నీరు చేరుతుంది. నాలా కలిసే చోటు, కట్ట రాళ్లు, అలలు తాకే అంచు ఒకే చెరువులో ఉన్నా వేర్వేరు ఆవాసాలుగా పరిగణించదగినవి.

నాల్గవది మూసీ. హుస్సేన్‌సాగర్ నుంచి వెలువడిన మిగులు నీటి నాలా అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక ప్రాంతాల మీదుగా మూసీని చేరుతుంది. నగరం దాటిన తరువాత కత్వాల వద్ద ఆ నీటిని కాలువలకు మళ్లించి పొలాలకు పారిస్తారు.

ఈ నాలుగు ఆవాసాలను చూసిన విద్యార్థి మనసులో, సూక్ష్మదర్శిని ముందు కూర్చోకమునుపే ఒక జాబితా తయారవుతుంది: మెట్లబావిలో ఇది ఉంటుంది, మూసీలో అది ఉంటుంది. ఆ జాబితా పరిశీలనకు తోడ్పడవచ్చు. పేరు నిర్ధారణలో మాత్రం అది జోక్యం చేసుకోరాదు.

నమూనా సేకరణ

1. నీటి ప్రవాహం తగిలే, అరచేయి పరిమాణం గల 5 లేదా 6 రాళ్లను ఎంచుకోవాలి. పైభాగాన్ని నీటిలో తేలికగా కడిగి వదులుగా అంటిన మట్టిని తొలగించాలి.

2. కొత్త టూత్‌బ్రష్‌తో రాతి పైభాగాన్ని రుద్ది, పళ్లెంలో కొద్ది నీటిలోకి గోధుమరంగు పొరను దించాలి. ఒక్కొక్క స్థలానికి ఒక్కొక్క బ్రష్ వాడాలి. ఒకే బ్రష్‌ను మూసీలో వాడి, తరువాత మెట్లబావిలో వాడితే పెంకులు వెంట వచ్చి రెండవ నమూనాను చెడగొడతాయి.

3. రాయి, మొక్క కాండం, బురద ఉపరితలం అనే మూడింటి నమూనాలను విడివిడిగా ఉంచాలి. వీటిపై పెరిగే సమూహాలు ఒకే నీటిలో సైతం భిన్నంగా ఉంటాయి.

4. స్థలం, తేదీ, వేళ, నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత, కరిగిన ఆక్సిజన్, ప్రవాహ వేగం, ఎండ లేదా నీడ, సమీపంలో మురుగు కలిసే చోటు ఉన్నదా లేదా అన్న వివరాలను క్షేత్ర పుస్తకంలో రాయాలి. సీసాపై సంకేత సంఖ్య మాత్రమే ఉండాలి. దీని ప్రాధాన్యం ముందు ముందు స్పష్టమవుతుంది.

5. నమూనాలో కొంత భాగాన్ని ఏ రసాయనమూ కలపకుండా చల్లగా ఉంచి, అదే రోజు సజీవంగా పరిశీలించాలి. మిగిలిన భాగాన్ని నిల్వ చేయాలి.

సజీవ పరిశీలన

సజీవ పరిశీలనను అదనపు శ్రమగా భావించి వదిలివేయడం తరచు జరుగుతుంది. అది సరికాదు. శుద్ధి చేసిన స్లయిడ్‌పై కనిపించేది పెంకు మాత్రమే. ఆ పెంకు గల కణం అక్కడే పెరిగిందో, వర్షపు నీటితో ఎగువ నుంచి కొట్టుకు వచ్చిందో శుద్ధి తరువాత చెప్పడం సాధ్యం కాదు. పద్మారావు నగర్ ఇళ్ల గచ్చుపై పెరిగిన హాంట్‌షియా పెంకు ఒక్క గట్టి వానకు నాలాల గుండా కిందికి చేరగలదు. అది నదిలో దొరికినంత మాత్రాన నది దాని ఆవాసం కాదు. పెంకు దొరికిన చోటు వేరు, కణం పెరిగిన చోటు వేరు.

సజీవ నిట్జ్‌షియా కణంలో రెండు హరితరేణువులు, కణం రెండు చివరల వైపు ఒక్కొక్కటిగా ఉంటాయి. కణం ముందుకూ వెనుకకూ జారుతూ కదులుతుంది. హరితరేణువులు నిండుగా, బంగారు గోధుమ వర్ణంలో ఉన్న కణాల నిష్పత్తిని నమోదు చేయాలి. ఖాళీ పెంకులే అధికంగా ఉంటే ఆ స్థలానికి ఆ జాతిని ఆపాదించడంలో సందేహం పాటించాలి.

శుద్ధి, స్లయిడ్ తయారీ

దక్కను ప్రాంతపు నీటిలో సున్నపు లవణాలు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ముందుగా నమూనాకు కొద్ది చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లం చేర్చి కార్బొనేట్లను తొలగించాలి. పొంగు ఆగిన తరువాత స్వేదన జలంతో పలుమార్లు కడిగి ఆమ్లాన్ని పూర్తిగా పోగొట్టాలి. అనంతరం 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చేర్చి, వేడి పలకపై నెమ్మదిగా వేడిచేస్తే సేంద్రియ పదార్థం తొలగిపోతుంది. ఈ పనిని పొగగూటి కింద, చేతి తొడుగులు, కంటి అద్దాలు ధరించి చేయాలి. తెల్లని మడ్డి మిగిలే వరకు కొనసాగించి, తిరిగి స్వేదన జలంతో కడగాలి.

పలుచగా కలిపిన చుక్కను కవర్‌స్లిప్‌పై ఆరబెట్టి, న్యాఫ్రాక్స్ వంటి అధిక వక్రీభవన గుణకం గల మాధ్యమంలో అమర్చాలి. సిలికా వక్రీభవన గుణకం నీటి గుణకానికి దగ్గరగా ఉండటం వల్ల నీటిలో పెంకు వివరాలు మసకబారుతాయి. న్యాఫ్రాక్స్‌లో ఆ తేడా పెరిగి చారలు స్పష్టమవుతాయి. ఈ ఒక్క దశను విస్మరించినందువల్లనే అనేక నివేదికల్లో చారల సంఖ్య లేకుండా పేర్లు మాత్రమే కనిపిస్తాయి.

ఆకృతి లక్షణాలు

పరిశీలన 100 రెట్ల ఆయిల్ ఇమ్మర్షన్ వస్తుకటకంతో జరగాలి. కింది లక్షణాలను ఈ వరుసలోనే చూడటం మేలు.

రాఫి స్థానం: నిట్జ్‌షియాలో రాఫి అనే చీలిక కవాటం మధ్యలో ఉండదు, ఒక అంచున ఉన్న గట్టుపై ఉంటుంది. ఒకే పెంకులోని రెండు కవాటాల గట్లు పరస్పరం ఎదురు మూలల్లో ఉంటాయి. హాంట్‌షియాలో ఆ రెండు గట్లూ ఒకే వైపు ఉంటాయి. మురుగునీటిలో నిట్జ్‌షియాతోపాటు తరచు కనిపించే గాంఫొనీమా పార్వులంలో రాఫి కవాటం మధ్యగా సాగుతుంది, ఒక కొన రెండవ కొన కంటే వెడల్పుగా ఉంటుంది. కాబట్టి ప్రజాతి స్థాయిలో పొరపాటుకు అవకాశం తక్కువ. కష్టమంతా జాతి స్థాయిలోనే ఉంది.

రూపురేఖ: నిట్జ్‌షియా పాలియా కవాటం సన్నగా, ఈటె మొన వలె లేదా పక్కలు దాదాపు సమాంతరంగా ఉండి, కొనల వైపు త్వరగా సన్నబడుతుంది. కొనలు స్వల్పంగా బయటికి సాగి, చిన్న తలల వలె ముగుస్తాయి.

పరిమాణం: పొడవు సుమారు 15 నుంచి 70 మైక్రోమీటర్లు, వెడల్పు 2.5 నుంచి 5 మైక్రోమీటర్లు. పొడవును ఆధారం చేసుకొని పేరు నిర్ణయించరాదు. డయాటమ్ విభజన చెందినప్పుడు ప్రతి పిల్లకణం తల్లి కవాటాన్ని మూతగా ఉంచుకొని దాని లోపల కొత్త కవాటాన్ని నిర్మించుకుంటుంది. అందువల్ల తరతరానికి సగటు పొడవు తగ్గుతూ పోయి, లైంగిక ప్రత్యుత్పత్తితో తిరిగి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. పొడవు జాతితోపాటు కణసంతతి వయస్సును కూడా తెలుపుతుంది. వెడల్పు, చారల సాంద్రత అంతగా మారవు.

ఫిబ్యులాలు: గట్టు వెంట వరుసగా కనిపించే చిన్న సిలికా దూలాలు ఇవి. పాలియాలో 10 మైక్రోమీటర్ల నిడివిలో 9 నుంచి 17 వరకు ఉంటాయి. గట్టు మధ్యభాగంలో ఉన్న రెండు ఫిబ్యులాల నడుమ దూరం మిగిలిన వాటి నడుమ దూరంతో సమానంగా ఉండటం ఈ జాతి నిర్ధారణలో కీలకం. మధ్యలో విశాలమైన ఖాళీ కనిపిస్తే పాలియా అన్న పేరు వదులుకోవాలి.

చారలు: 10 మైక్రోమీటర్లకు 28 నుంచి 40. అనగా రెండు చారల నడుమ దూరం 0.36 నుంచి 0.25 మైక్రోమీటర్లు. సూక్ష్మదర్శిని వేరుపరచగల కనిష్ఠ దూరాన్ని తెలుసుకోవాలంటే 0.61ను కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, వస్తుకటకపు న్యూమరికల్ అపర్చర్‌తో భాగించాలి. అపర్చర్ 1.3 అయినప్పుడు, 0.55 మైక్రోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో ఆ దూరం 0.26 మైక్రోమీటర్లు, 0.45 మైక్రోమీటర్ల నీలి కాంతిలో 0.21 మైక్రోమీటర్లు. కాబట్టి దట్టమైన చారలు గల పాలియా కవాటాలు సాధారణ కాంతిలో నునుపుగా కనిపించి, నీలి ఫిల్టర్ అమర్చిన తరువాత చారలను చూపవచ్చు. చారలు కనిపించలేదన్నది పరికరపు హద్దును తెలిపే వాక్యం. చారలు లేవన్నది కవాటాన్ని గురించిన వాక్యం. నివేదికలో ఈ రెండింటినీ వేరుగా రాయాలి.

సన్నిహిత జాతులతో భేదాలు

నిట్జ్‌షియా ఆంఫిబియా: చారలు 10 మైక్రోమీటర్లకు 13 నుంచి 18 మాత్రమే. చుక్కలు చుక్కలుగా, ముతకగా, సాధారణ కాంతిలోనే స్పష్టంగా కనిపిస్తాయి. ఫిబ్యులాలు 7 నుంచి 9. మధ్య ఖాళీ ఉంటుంది.

నిట్జ్‌షియా పాలియాసియా: పేరులో సామ్యం ఉన్నా వేరొక జాతి. కవాటం మరింత సన్నం. ఫిబ్యులాలు 14 నుంచి 19. మధ్య ఖాళీ ఉంటుంది. చారలు 44 నుంచి 55 కావడం వల్ల కాంతి సూక్ష్మదర్శినిలో దాదాపు కనిపించవు.

నిట్జ్‌షియా క్యాపిటెల్లాటా: రూపురేఖలోనూ, సంఖ్యల్లోనూ పాలియాకు చాలా దగ్గర. మధ్య ఖాళీ ఉండటమే ప్రధాన భేదం. కవాటం వాలుగా పడి ఉంటే ఆ ఖాళీ కనిపించదు. అటువంటి కవాటాలను లెక్కలో జాతి పేరుతో కాక ప్రజాతి పేరుతోనే నమోదు చేయాలి.

నిట్జ్‌షియా గ్రాసిలిస్: మధ్య ఖాళీ ఉండదు. కొనలు పొడవుగా, సన్నగా సాగి ఉంటాయి. చారలు పాలియా గరిష్ఠ సాంద్రతకు సమీపంగా, అతి దట్టంగా ఉంటాయి.

ఈ భేదాలను పరిశీలించిన తరువాత కూడా పాలియా అన్న పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జీవసమూహాలు మిగిలే అవకాశం ఉంది. రోజా ట్రొబాహొ, డేవిడ్ మాన్, వారి సహచరులు 2009, 2010 సంవత్సరాల్లో ప్రచురించిన సంపర్క, జన్యు పరిశోధనలు, ఆకృతిలో దాదాపు వేరు చేయలేని అనేక సంతతులు ఈ పేరు కింద ఉన్నాయని చూపాయి. అంతకుముందే సన్నని, సున్నితమైన రూపాలను డెబిలిస్ అనే రకంగా విడదీసి, వాటిని పోషకాలు తక్కువగా గల నీటితో ముడిపెట్టిన వర్గీకరణ ఉంది. అంటే పాలియా అన్న నామం ఉన్నచోటెల్లా మురుగు ఉన్నదని చెప్పే వీలు లేదు. కొలతలు జతచేసిన పేరుకే సూచిక విలువ ఉంటుంది.

ఆవాస సమాచారం: స్థానం, పరిమితి

ఇక్కడ ఈ పాఠపు ముఖ్యాంశం వస్తుంది. ఆకృతి, ఆవాసం రెండూ గుర్తింపుకు తోడ్పడతాయని పాఠ్యగ్రంథాలు బోధిస్తాయి. అది నిజమే. జాతి పేరే లక్ష్యమైనప్పుడు, అనగా ఒక ప్రాంతపు జాతుల పట్టికను తయారుచేసేటప్పుడు, ఆవాసం సమంజసమైన సాక్ష్యం. కానీ ఆ పేరును ఆధారంగా చేసుకొని నీటి నాణ్యతను నిర్ణయించదలచినప్పుడు పరిస్థితి మారుతుంది. నీరు మురుగుగా ఉన్నది కాబట్టి ఇది పాలియా, ఇది పాలియా కాబట్టి నీరు మురుగైనది అన్న తర్కంలో రెండవ వాక్యం మొదటి వాక్యానికి ప్రతిధ్వని మాత్రమే. డయాటమ్ అక్కడ ఏ సాక్ష్యమూ చెప్పలేదు. చూసే వ్యక్తి ముక్కుకు తగిలిన దుర్వాసనే లాటిన్ పేరు ధరించి నివేదికలోకి వచ్చింది.

ఈ దోషాన్ని నివారించడానికి మూడు నియమాలు చాలు. మొదటిది, స్లయిడ్‌పై సంకేత సంఖ్య మాత్రమే ఉండాలి. గుర్తించే వ్యక్తికి స్థలం తెలియరాదు. సేకరించినవారే గుర్తించవలసి వస్తే, అన్ని స్థలాల స్లయిడ్‌లను మరొకరి చేత కలగలపించాలి. రెండవది, పేరు రాసే ముందు వెడల్పు, ఫిబ్యులాల సంఖ్య, మధ్య ఖాళీ, చారల సంఖ్య అనే నాలుగు గడులూ నిండాలి. మూడవది, క్షేత్ర పుస్తకాన్ని ఆ తరువాతే తెరవాలి.

పుస్తకం తెరిచాక ఆవాసం తన అసలు పనిని చేస్తుంది. ఆకృతి చెప్పినదీ, ఆవాసం చెప్పినదీ ఏకీభవిస్తే నిర్ధారణకు బలం చేకూరుతుంది. విభేదిస్తే పేరు మార్చకూడదు; తిరిగి కొలవాలి. కొలతలు నిలిస్తే ఆ విభేదమే విలువైన సమాచారం. మెట్లబావి నీటిలో, సజీవ కణాలతో, అన్ని కొలతలూ సరిపోయిన పాలియా లభించిందనుకుందాం. పునరుద్ధరించిన బావిలో ఇది ఉండకూడదని దాన్ని పట్టిక నుంచి తొలగించిన విద్యార్థి, బావిలోకి ఎక్కడి నుంచైనా మురుగు ఊరుతున్నదా అన్న ప్రశ్నను కూడా తొలగించినట్లే.

ఒక అభ్యాసం

బోధన కోసం ఊహించిన మూడు కవాటాల కొలతలు ఇవి. మూడూ ఒకే స్లయిడ్‌పై ఉన్నాయనీ, మూడూ సన్నగా, తల వంటి కొనలతో ఉన్నాయనీ భావించాలి.

మొదటి కవాటం: పొడవు 34, వెడల్పు 4 మైక్రోమీటర్లు, 10 మైక్రోమీటర్లకు ఫిబ్యులాలు 12, మధ్య ఖాళీ లేదు, నీలి కాంతిలో చారలు 36. ఇది నిట్జ్‌షియా పాలియా.

రెండవ కవాటం: పొడవు 28, వెడల్పు 2.5 మైక్రోమీటర్లు, ఫిబ్యులాలు 16, మధ్య ఖాళీ ఉంది, నీలి కాంతిలోనూ చారలు కనిపించలేదు. ఇది పాలియా కాదు. పాలియాసియాకు సన్నిహితమని రాయాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చారలు లెక్కించిన తరువాతే పూర్తి పేరు ఇవ్వాలి.

మూడవ కవాటం: పొడవు 20, వెడల్పు 4.5 మైక్రోమీటర్లు, ఫిబ్యులాలు 8, మధ్య ఖాళీ ఉంది, సాధారణ కాంతిలోనే చారలు 16. ఇది నిట్జ్‌షియా ఆంఫిబియా.

ఇప్పుడు 400 కవాటాలు లెక్కించిన స్లయిడ్‌లో 160 సన్నని నిట్జ్‌షియాలు ఉన్నాయనుకుందాం. అన్నింటినీ పాలియాగా రాస్తే ఆ జాతి వాటా 40 శాతం. కొలిచి చూస్తే నిజమైన పాలియా 70 మాత్రమే అని తేలితే వాటా 17.5 శాతం. ఆంఫిబియా కూడా పోషకాలు మిక్కుటంగా ఉన్న నీటిలో పెరుగుతుంది. అయినా, పాలియా సూచించేంత సేంద్రియ భారాన్ని అది సూచించదు. మొదటి లెక్క ఆధారంగా ఇచ్చే సలహా ఒకటి, రెండవ లెక్క ఆధారంగా ఇచ్చే సలహా మరొకటి. నీరు మారలేదు, స్లయిడ్ మారలేదు. మారినది కొలిచే ఓపిక మాత్రమే.

సాగునీటి సలహాలో పరిమితులు

పేరు సరిగా నిర్ధారణ అయిన తరువాత కూడా దాని హద్దులను గుర్తించాలి. నిట్జ్‌షియా పాలియా ప్రధానంగా సేంద్రియ భారం, పోషకాల ఆధిక్యం, ఆక్సిజన్ కొరత అనే అంశాలను గురించి మాట్లాడుతుంది. నీటిలో రోగకారక క్రిములు ఎన్ని, కొంకిపురుగు గుడ్లు ఉన్నాయా, సీసం, క్యాడ్మియం వంటి లోహాలు ఎంత అన్న ప్రశ్నలకు అది సమాధానం ఇవ్వదు. పచ్చిగా తినే ఆకుకూరల విషయంలో సూక్ష్మజీవ పరీక్షలు తప్పనిసరి.

లవణీయతకు ప్రత్యక్ష కొలతే ప్రమాణం. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1985 నాటి మార్గదర్శకాల ప్రకారం సాగునీటి విద్యుద్వాహకత మీటరుకు 0.7 డెసిసీమెన్ కంటే తక్కువైతే వాడకంపై ఆంక్ష అవసరం లేదు, 3.0 దాటితే తీవ్రమైన ఆంక్ష అవసరం. ఈ కొలతకు చేతిలో ఇమిడే మీటరు చాలు. డయాటమ్ పేరు దానికి ప్రత్యామ్నాయం కాదు.

మరొక విషయం. సేంద్రియ భారం, నత్రజని గల నీరు రైతు దృష్టిలో ఎరువు కలిసిన నీరు. పారా గడ్డి పెంచే రైతుకు అది లాభం; వరి రైతుకు అధిక నత్రజని వల్ల ఏపు పెరిగి పైరు పడిపోయే ప్రమాదం. కాబట్టి కాలుష్య సూచిక జాతి కనిపించిందన్న ఒక్క మాటతో నీటిని నిషేధించే సలహా ఇవ్వడం, కనిపించలేదన్న ఒక్క మాటతో సురక్షితమని చెప్పడం రెండూ తగవు. పంట ఏది, నీరు మొక్క ఏ భాగాన్ని తాకుతుంది, పంటను ఎలా తింటారు అన్న ప్రశ్నల పక్కన డయాటమ్ సమాచారాన్ని ఉంచి చూడాలి.

ముగింపు

నిట్జ్‌షియా పాలియాను గుర్తించడానికి మొదట సజీవ కణాన్ని చూసి అది అక్కడ పెరుగుతున్నదని తెలుసుకోవాలి. తరువాత శుద్ధిచేసిన కవాటంపై వెడల్పు, ఫిబ్యులాలు, మధ్య ఖాళీ, చారలు కొలిచి పేరు నిర్ణయించాలి. ఆ తరువాత మాత్రమే క్షేత్ర పుస్తకంలోని ఆవాసంతో పోల్చాలి. ఈ క్రమం తలకిందులైతే పేరు సరైనదే అయినా దాని సాక్ష్యం చెల్లదు.

పద్మారావు నగర్‌లోని ఒక ఇంటి కుళాయి గచ్చు, బన్సీలాల్‌పేట మెట్లబావి మెట్టు, హుస్సేన్‌సాగర్ కట్ట రాయి, మూసీ కత్వా రాయి అనే నాలుగు స్థలాల నుంచి సంకేత సంఖ్యలతో నాలుగు స్లయిడ్‌లు తయారుచేసి, స్థలాలు తెలియకుండా గుర్తించి, చివర పుస్తకం తెరిచి సరిచూసుకోవడం స్నాతక విద్యార్థులకు అనువైన ప్రయోగం. ఎన్ని పేర్లు ఊహతో సరిపోయాయన్నదాని కంటే, సరిపోని వాటిని తిరిగి కొలిచారా లేదా అన్నదే ఆ ప్రయోగంలో మూల్యాంకనం చేయదగిన అంశం.